ఆర్పకుండా తెచ్చిన నిప్పు

నా కారూ, నా పెద్ద మనవరాలూ ఒకే ఏడాది మా ఇంటికి వచ్చారు. మనవరాలికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. కారు మాత్రం కొన్నాళ్ళుగా పొద్దున పూట మొండికేస్తోంది. డ్రైవరు తాళం తిప్పి తిప్పి విసిగి, చివరికి పక్కింటివాళ్ళ చేత తోయించి, ఎలాగో తీసుకుపోయి కోయంబత్తూరు పక్కన తుడియలూరు వర్క్‌షాపులో వదిలి వచ్చాడు. ఆ వర్క్‌షాపు నడిపే కార్తి మాకు దూరపు చుట్టం, నలభై దాటినవాడు. ఇంట్లో మన తెలుగే మాట్లాడతాడు గాని చదవమంటే తమిళంలో రాసిమ్మంటాడు. మర్నాడు అతని దగ్గర నుంచి ఫోను వచ్చింది.

"అవ్వా, ప్లగ్గులు, కాయిలు, డిస్ట్రిబ్యూటరు, మూడూ అరిగిపోయిండాయి. నిప్పు సరిగా పుట్టేది లేదు. మారిస్తే నల్లా ఓడుతుంది, కొత్త బండి మాదిరి ఉరుకుతుంది. అయితే ఒక మాట చెప్తా, కోపం చేసుకోగూడదు."

"కోపం వచ్చే మాటైతే ఉండు, కూసుని వింటా."

"ఈ వయసులో దీనికి కొత్త సామాన్లు ఎందుకు? ఇనుముకు ఇచ్చేస్తే పోయె."

"ఎవరి వయసులోరా? నా వయసా, కారు వయసా?"

అతను నవ్వేశాడు. నేను తేదీలూ కూడికలూ తప్పకుండా రాసుకునే మనిషిని. ఆ కారుకు ఎప్పుడు ఏ చక్రం మార్చామో అడిగితే చెప్పగలను. చూడకుండా ఏ వస్తువునూ పారేయను, చూడకుండా ఏదీ కొనను. "ఏమీ మార్చద్దు. నేనే వస్తా ఉండాను. నాకు ఆ నిప్పు చూపించు" అన్నాను. నిప్పా, అని అతను రెండుసార్లు అడిగాడు. ఇన్నేళ్ళలో బిల్లు చూపించమన్నవాళ్ళే గాని నిప్పు చూపించమన్నవాళ్ళు ఎవరూ రాలేదట.

నేను వెళ్ళేసరికి బానెట్టు ఎత్తి సిద్ధంగా ఉన్నాడు. ఒక ప్లగ్గు ఊడదీసి, తీగ తగిలించే ఉంచి, ఇంజను మీద పడుకోబెట్టాడు. వెలుతురు పడకుండా ఒక అట్ట అడ్డం పెట్టి, తాళం తిప్పమని లోపలున్న మనిషికి చెప్పాడు. వంగి చూశాను. ప్లగ్గు కొనన, గోరు మందం కూడా లేని సందులో, సన్నటి ఎర్రటి మెరుపు ఒకటి పుట్టి పోయింది. మళ్ళీ పుట్టింది. ఒకసారి పుట్టలేదు. దాంతోపాటు ఒక వాసన వచ్చింది. పిడుగు పడ్డాక గాలిలో ఉండేటటువంటి పచ్చి వాసన. ఆ వాసనకు నా చుట్టూ ఉన్న వర్క్‌షాపు పోయింది. గోనెసంచి కింద, మా అవ్వ భుజానికి ఆనుకుని కూర్చుని, ఊపిరి బిగబట్టి ఉన్నాను.

అది దొరల కాలం చివరి యుద్ధం నడుస్తున్నప్పటి మాట. ఏ నెలో, ఏ తేదీయో రాయను. అప్పటికి నేను ఇంకా లెక్కలు రాసే వయసుకు రాలేదు. ఆ సంగతి తెలిసిన చుట్టాలు ముగ్గురు మూడు ఏళ్ళు చెబుతారు, మూడింటికీ రుజువు లేదు. ఎండాకాలం మొదలైందని మాత్రం గట్టిగా చెప్పగలను. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

పొల్లాచ్చి దారిలో కినత్తుకడవు బయట మా తోట. ఒక పక్క కొబ్బరి, ఇంకో పక్క నల్లరేగడిలో పత్తి. మధ్యలో పెంకుటిల్లు. ఆ ఇంటి వాసనలను ఇప్పుడు కూడా వేరువేరుగా విడదీయగలను. పొద్దున్నే పశువులకు పెట్టడానికి పత్తిగింజలు రుబ్బే రోలు దగ్గర తియ్యటి నూనె వాసన. సంగటి ఉడికే కుండ దగ్గర మాడు వాసన. అన్నిటి మీదా, ఇంటి దూలాల్లోనూ మా బట్టల్లోనూ కూడా, కొబ్బరి పీచు కాలే పొగ. ఆ పొగ ఏ రోజూ పూర్తిగా పోయేది కాదు, ఎందుకంటే మా అవ్వ పొయ్యి ఏ రోజూ పూర్తిగా ఆరేది కాదు.

అవ్వ అంటే మా నాయన తల్లి. ఆమె వంటింట్లో అగ్గిపెట్టె ఉండకూడదు. చుట్ట కోసం చిన్నాయన పెట్టుకునే అగ్గిపెట్టె పశువుల కొట్టంలో దాక్కుని బతికేది. సాయంత్రం వంట కాగానే అవ్వ నిప్పులను పొయ్యి మూలకు చేర్చి, పీచు ముద్దలు పేర్చి, పసిబిడ్డకు దుప్పటి కప్పినట్టు పైన బూడిద కప్పేది. తెల్లారి బూడిద తీసి ఊదితే ఎర్రగా కళ్ళు తెరిచేది. వానాకాలంలో ఎప్పుడైనా ఆరిపోతే, నడుముకు కట్టుకున్న గుడ్డ సంచిలో నుంచి చెకుముకి రాయీ, ఉక్కు ముక్కా, మాడ్చిన దూదీ తీసేది. ఆ రాయి కంపెనీ కాలం నాటిదని చెప్పేది. తుపాకుల్లో రాళ్ళు తీసేసి వేరే రకం మందు పెట్టడం మొదలైనప్పుడు సిపాయిలు పారేసిన రాళ్ళను మదురై దగ్గరి మేలూరు పక్క మన ఆడవాళ్ళు ఏరుకున్నారట. అవ్వ తల్లి తన ఇద్దరు కూతుళ్ళకూ చెరొకటి ఇచ్చిందట. ఇది విన్న మాట. విన్నమాటగానే రాస్తున్నాను.

ఆ ఇద్దరిలో పెద్దది లచ్చమ్మక్క, మేలూరులోనే మేనమామ ఇంటి కోడలైంది. చిన్నది మా అవ్వ, అంత దూరం కినత్తుకడవుకు వచ్చింది. ఆడపిల్ల కాపురానికి పోయేటప్పుడు పుట్టింటి పొయ్యిలోని నిప్పు తీసుకుపోయి అత్తింటి పొయ్యిలో వేయడం వాళ్ళ ఇంటి ఆచారం. మిగతావాళ్ళ ఇళ్ళలో ఉందో లేదో నాకు తెలియదు. పక్క ఊరికైతే చట్టిలో పెట్టుకుని పోవచ్చు. మా అవ్వ ఎద్దుల బండిలో, దిండుక్కల్లూ పళనీ దాటి, దారి పొడుగునా పీచూ పిడకలూ వేసుకుంటూ ఆ చట్టిని ఒళ్ళో కాపాడుకుంటూ వచ్చింది. బండి కదిలేటప్పుడు అక్క ఆమె చేతిలో చట్టి పెట్టి, "ఆర్పకుండా తీస్కపో" అందట. ఏడవలేదట. "ఏడిస్తే తడిసి ఆరిపోతాదని ఏడవలేదు, అక్క అట్లాంటిది" అని చెప్పి అవ్వ నవ్వేది.

మా తాత పోయాక అతను కొన్న కారు మిగిలింది. నల్లది, గుడ్డ పైకప్పుది. పశువుల కొట్టంలో సగం దానికి వదిలేశాం. దాని పెట్రోలు వాసనకు అలవాటుపడ్డ ఎర్రావు, కారు బయటికి పోయిన రోజు అరిచేది. మా నాయన పొలం చూసుకునేవాడు. కారు నడిపేది చిన్నాయన రంగసామి. అందులో బ్యాటరీతో పని లేదని, మ్యాగ్నెటో అనే ఇనుప డబ్బా ఉందని, అందులో అయస్కాంతం తిరిగి తన నిప్పు తనే పుట్టించుకుంటుందని అతనే నాకు చెప్పాడు. ముందు హ్యాండిల్ పెట్టి తిప్పితే అది మేలుకుంటుంది. ఆర్పడానికి స్టీరింగు పక్కన ఒక చిన్న ఇత్తడి మీట. తన నిప్పు తనే పుట్టించుకునే డబ్బా! నాకు ఆ మాట దేవుడి కథలా వినిపించింది. ఎవరూ చూడనప్పుడు పోయి దానికి చెవి ఆనించి వినేదాన్ని.

ఆ డబ్బాకు ఆ ఏడాది జబ్బు చేసింది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు తిప్పితే వెంటనే అందుకునేది. ఎండలో పోయి, ఎక్కడైనా ఆర్పామా, మళ్ళీ చల్లారేదాకా పలికేది కాదు. పొల్లాచ్చి సంత నుంచి చిన్నాయన రెండు మూడుసార్లు ఎద్దులకు కట్టి తీసుకొచ్చాడు. ఊరంతా నవ్వింది. "ఏం రంగా, పెట్రోలు వేస్తివా, జొన్న చొప్ప వేస్తివా?" అని అడిగినవాళ్ళు చాలామంది.

అప్పుడే మేలూరు నుంచి ఒక చుట్టం వచ్చి కబురు చెప్పాడు. లచ్చమ్మక్క అన్నం మానేసింది. మంచం దిగడం లేదు. చెల్లి రాలేదా, చెల్లి రాలేదా అని అడుగుతోంది. మా అవ్వకు చూస్తే అంతకు కొన్ని నెలల ముందే బావి గట్టు మీద జారి తుంటి విరిగింది. కట్టు విప్పినా కాలు ఎత్తలేకపోతోంది. రైలు మెట్లు ఎక్కే శక్తి లేదు, ఎక్కించినా యుద్ధం రోజుల్లో సిపాయిలతో కిక్కిరిసిన పెట్టెలో పడుకునే చోటుండదు. కారు వెనక సీటు మీద పరుపేసి పడుకోబెడితే పోవచ్చు. పెట్రోలుకు కూపన్లు కావాలి, వాటిని చుట్టుపక్కల తోటలవాళ్ళు తలా ఒకటి ఇచ్చారు. ఇక మిగిలింది ఆ మ్యాగ్నెటో.

చిన్నాయన కోయంబత్తూరు నుంచి ఏసుదాసు మేస్త్రిని పిలుచుకొచ్చాడు. వాళ్ళూ మన తెలుగువాళ్ళే, క్రైస్తవులు. తాత కాలం నుంచి ఆ కారు చూసేది అతనే. విప్పి చూసి, పంచె కొంగుకు చేతులు తుడుచుకుని, అవ్వ మంచం దగ్గరికి వచ్చి చెప్పాడు.

"పెద్దమ్మా, దాని లోపలి తీగ చుట్ట కాలిపోతా ఉండాది. కొత్తది దొరల సీమ నుంచి రావాల, ఈ యుద్ధంలో రాదు. లారీలో నుంచి తీసిన కాయిలూ బ్యాటరీ నా దగ్గర ఉండాయి. ఇది పీకేసి అది పెడదుము. లేత్‌లో కొంచెం కోసి అమర్చాల. ఒక వారం పది దినాలు ఇయ్యండి."

"పది దినాలు మా అక్క ఇయ్యాల గదరా, నేనెట్ల ఇస్తాను?"

"మార్చకుండా పోయేదానికి లేదమ్మా" అన్నాడు చిన్నాయన. "ఎండలో, నడి దోవలో ఆగిపోతే? నువ్వు కదల్లేవు. ఎవరిని పిలిచేది? ఎద్దులకు కట్టి నిన్ను మేలూరుదాకా ఈడ్చుకుపోయేదా?"

"వచ్చినప్పుడు ఎద్దులతోనే గదరా వస్తిని."

"అమ్మా, నవ్వులాట కాదు."

నిజంగా కాదు. ఇప్పుడు ఆలోచిస్తే రెండు పక్కలా న్యాయం ఉంది. పాతది దారిలో చచ్చిపోవచ్చు. కొత్తది పెట్టేలోపు అక్క చచ్చిపోవచ్చు. పాతది పీకాక కొత్తది కుదరకపోతే వెనక్కి పోవడానికి దారి ఉండదు. చివరికి అవ్వ, "నాకు ఆ నిప్పు చూపించండి" అంది.

ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి కొట్టంలోకి మోసుకుపోయారు. పట్టపగలు ఆ నిప్పు కనబడదని మేస్త్రి అవ్వ తల మీదుగా ఇంజను దాకా గోనెసంచులు కప్పాడు. నేనూ దూరాను. లోపల చీకటి, జనుము వాసన, అవ్వ తల నూనె వాసన. బయట చిన్నాయన హ్యాండిల్ తిప్పాడు. నా కళ్ళ ముందు, చిటుక్కుమని, నీలంగా ఒక నిప్పు పుట్టింది. ఎరుపు లేదు, పొగ లేదు, కట్టె లేదు, దూది లేదు. ఉత్త గాలిలో పుట్టి, ఒక పచ్చి వాసన మాత్రం వదిలి ఉత్త గాలిలో పోయింది. నేను అంతవరకూ చూసిన నిప్పులన్నీ దేన్నో తింటూ బతికేవే. ఇది ఏమీ తినకుండా పుట్టింది. అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమె చెయ్యి చల్లబడి ఉంది. జీవితమంతా నిప్పును సాకిన మనిషి, ఇంకో జాతి నిప్పును చూసి, "సామీ" అని ఒక్క మాట అంది.

తర్వాత మేస్త్రి ప్లగ్గు బిగించి ఇంజనును చాలాసేపు నడిపాడు. బాగా కాగాక ఆర్పి, మళ్ళీ చూపించాడు. ఈసారి నిప్పు సన్నంగా, ఎర్రగా వచ్చింది. రెండోసారికి రానేలేదు.

"రొంబ అలిసిపోయిండాది పాపం" అంది అవ్వ, గోనె తొలగించుకుని. "దాసూ, ఇది ఉరికేటప్పుడు ఎట్ల ఉంటాది?"

"ఉరికేటప్పుడు జోరుగా తిరుగుతుంది గదా పెద్దమ్మా, నిప్పు గట్టిగానే ఉంటాది. ఆర్పినాక చేత్తో తిప్పితేనే బలం చాలదు."

"మరి ఎందుకు ఆర్పేది?"

మేస్త్రి చిన్నాయన వంక చూశాడు. చిన్నాయన మేస్త్రి వంక చూశాడు.

"తెల్లారుజామున చల్లగా రాజేసుకుని బయలుదేరుదుము. మేలూరుదాకా ఆర్పద్దు. మన పొయ్యి మాదిరి" అంది అవ్వ.

"రైలు గేటు పడితే?" అన్నాడు చిన్నాయన.

"బండి నిలబెట్టు. నిప్పు ఆర్పద్దు."

మేస్త్రి తల గోక్కున్నాడు, నవ్వాడు, మళ్ళీ గోక్కున్నాడు. "ఆమా పెద్దమ్మా, అట్లయితే పోవచ్చు. లోపలి నీళ్ళు మరిగితే ఇంజను ఓడతా ఉండంగానే మెల్లిగా చన్నీళ్ళు పోయండి. కానీ రంగన్నా, ఒక్కసారి ఆగిందంటే, ఆ డబ్బా వేడి దిగేదాకా దేవుడొచ్చినా పలకదు. తెలుసుకో."

"నేను మార్చద్దనలేదురా" అంది అవ్వ కొడుకుతో. "పోయొచ్చినాక మార్చుకోండి. కొత్త పండ్లు కట్టేదానికి ముందు, ఉన్న పండ్లతో ఈ పూట కూడు తిననీయండి."

తెల్లవారుతుండగా బయలుదేరాం. వెనక పరుపు మీద అవ్వ, ఆమె కాళ్ళ దగ్గర నేను, ముందు చిన్నాయన ఒక్కడు. అరిటాకులో పెరుగన్నం మూటలు, మట్టి కూజాలో నీళ్ళు, అక్క కోసం లేత కొబ్బరి బోండాలు. అవ్వ కాళ్ళు కదలకుండా పట్టుకోవడానికే నన్ను తీసుకుపోయారు. పొల్లాచ్చి దాటేదాకా ఇంజను మాటే విన్నాం. ఒక రైలు గేటు దగ్గర నిజంగానే ఆగాం. గూడ్సు బండి రాదు, గేటు తెరుచుకోదు, మా కారు నిలబడి వణుకుతోంది. గేటు కాపలావాడు వచ్చి, "ఆఫ్ పణ్ణుంగ, పెట్రోల్ వేస్టు" అని అరిచాడు. పడుకున్న అవ్వ తల ఎత్తి, "నీ పొయ్యి నువ్వు చూస్కో పోప్పా" అంది. అతనికి ఏమర్థమైందో గాని నవ్వుతూ పోయాడు. అక్కడి నుంచి మేమూ నవ్వడం మొదలుపెట్టాం. ఉడుమలపేట దాటాక చిన్నాయన ఈల కూడా వేశాడు.

అంతలో ఎదర పళని కొండ కనబడింది.

ఇక్కడ మా తాత అలవాటు ఒకటి చెప్పాలి. ఎద్దుల బండి రోజుల్లో కొండ కనబడగానే బండి ఆపి, ఎద్దుల కాడి విప్పి, చెప్పులు విడిచి, కొండ మీది మురుగన్ సామికి దండం పెట్టేవాడు. సామి ఎదుట నోరులేని జీవాన్ని కాడికింద ఉంచకూడదని అతని మాట. కారు వచ్చాక కూడా మానలేదు. కొండ కనబడగానే రోడ్డు పక్కన ఆపి, ఇత్తడి మీట నొక్కేసి, దీనికీ కాడి విప్పానురా అనేవాడు. చిన్నాయన నడక నేర్చిన దగ్గర్నుంచి చూసింది అదే. అతని మనసు ఏమనుకుందో, అసలు ఏమైనా అనుకుందో లేదో, చెయ్యి మాత్రం తన పని తాను చేసింది. బండి పక్కకు తీశాడు. మీట నొక్కాడు. చెప్పులు విడిచి దిగి, రెండు చేతులూ నెత్తిన జోడించాడు.

అంత పెద్ద నిశ్శబ్దం నేను మళ్ళీ వినలేదు. దూరంగా ఎవరి తోటలోనో మోట కిర్రుమంటోంది. చిన్నాయన జోడించిన చేతులు అలాగే ఉన్నాయి, కింద ముఖం మాత్రం తెల్లబోయింది.

"రంగా," అంది అవ్వ మెల్లిగా, "సద్దు యాడ పోయె?"

అతను హ్యాండిల్ తీసుకుని ఉరికాడు. తిప్పాడు. ఎంత తిప్పినా ఇంజను దగ్గింది గాని పలకలేదు. చేతులు బొబ్బలెక్కాయి. చివరికి కారు మెట్టు మీద కూలబడి, అంత పొడుగు మనిషి, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు. "నా చేతిని నరకాల" అన్నాడు.

"నరికితే తిప్పేదెవురు?" అంది అవ్వ. ఆమె గొంతులో కోపం లేదు. నాకు ఆశ్చర్యం అది. పొయ్యి ఆరితే కోడళ్ళను మధ్యాహ్నం దాకా తిట్టే మనిషి. "మురుగనికి నిన్ను చూడాలనిపించిండాది. చూసినాడు గదా, లే. వేడి దిగితే పలుకుతాదని దాసు చెప్పలా? దింపుదుము. ఇంట్లో వెన్న ఎట్ల కాపాడతాము? ఆకు చుట్టి, పైన తడిగుడ్డ. నీళ్ళు లోపలికి పోగూడదు."

అన్నం మూటల ఆకులు విప్పాం. చిన్నాయన ఆ డబ్బాకు అరిటాకు చుట్టి, పైన తన కండువా తడిపి చుట్టాడు. నీళ్ళు కొంచెం కొంచెంగా పోశాడు. గుడ్డ మీద నుంచి ఆవిరి లేచింది. అవ్వ తన తాటాకు విసనకర్ర నాకిచ్చి, "ఇసురు పాపా" అంది. ఇంట్లో ఆ విసనకర్రతో పొయ్యికి విసిరేదాన్ని, నిప్పు లేవాలని. ఇక్కడ ఎండలో నిలబడి, నిప్పు పుట్టే చోటును చల్లార్చడానికి విసురుతున్నాను. మధ్యలో ఒకసారి తల ఎత్తితే కొండ, మెట్లు, పైన గోపురం, చీమల్లా ఎక్కే మనుషులు. ఒకే చేత్తో ఆర్పినవాడూ వెలిగించేవాడూ ఆ కొండ మీది సామే అయితే నేను విసిరేది ఎవరి కోసమో అనిపించింది. అయినా ఆపలేదు. చెయ్యి మొద్దుబారింది. కూజా అడుగంటింది. అవ్వ నన్ను తొందరపెట్టలేదు, తనూ తొందరపడలేదు. నడుము సంచిలోని రాయిని గుడ్డ మీద నుంచే తడుముకుంటూ పడుకుంది.

"చెయ్యి పెట్టి చూడు. బిడ్డకు జొరం దిగినట్ల ఉందా?"

చూశాను. "దిగింది అవ్వా."

"ఇంకొంచెం ఉండుదుము" అన్నాడు చిన్నాయన, భయపడి.

"తిప్పు" అంది అవ్వ.

తిప్పాడు. ఇంజను ఒకసారి తుమ్మింది. మళ్ళీ తిప్పాడు. ఎక్కడో లోపల, నేను గోనె కింద చూసిన ఆ నీలం నిప్పు, ఏమీ తినని నిప్పు, పుట్టి ఉంటుంది. కారు ఒళ్ళంతా దులుపుకుని లేచింది. రోడ్డు మీద పోతున్న కావడివాళ్ళు కూడా ఆగి అరిచారు. చిన్నాయన కొండకు దండం పెట్టబోయి, చేతిని సగంలో ఆపుకుని, స్టీరింగు పట్టుకున్నాడు.

దిండుక్కల్లు, మదురై, ఎక్కడా ఆగలేదు. పెరుగన్నం ఎప్పుడో పాడైంది, ఆకలి ఎవరికీ గుర్తులేదు. పొద్దు వాలేవేళకు మేలూరు చేరాం. వరి కోసిన పొలాలు, వాటి వెనక రాతిగుట్టలు ఎర్రగా ఉన్నాయి. లచ్చమ్మక్క ఇంటి ముందు కారు ఆగింది గాని చిన్నాయన మీట జోలికి పోలేదు. ఆ రోజు అతని చెయ్యి దాని వైపు చూడటానికే భయపడింది. ఇంజను దడదడ కొట్టుకుంటుండగానే నలుగురు అవ్వను కుర్చీతో లోపలికి ఎత్తుకుపోయి, మంచం పక్కన దించారు.

మంచంలో మనిషి ఉందా లేదా అన్నట్టు ఉంది ఆమె. కళ్ళు కనబడటం మానేసి చాలా కాలమైందట. చెయ్యి చాపి అవ్వ ముఖమంతా తడిమింది. చెవులు, ముక్కు, మళ్ళీ చెవులు.

"వస్తివా?"

"వస్తిని అక్కా."

"వీధిలో ఆ సద్దేమే?"

"నిప్పు అక్కా. కినత్తుకడవు నుంచి ఆర్పకుండా తెస్తిని."

ఒకసారి ఆరింది. నాకు తెలుసు, చిన్నాయనకు తెలుసు. నేను ఎవరి లెక్కలో తప్పు కనబడినా నోరు మూసుకోలేని పిల్లను అప్పటికే. ఆ ఒక్క లెక్కను మాత్రం సరిదిద్దలేదు, ఇన్నేళ్ళకూ సరిదిద్దాలని అనిపించలేదు.

పెద్దావిడ కొంతసేపు ఆ చప్పుడు విన్నది. తర్వాత చెల్లెలి చెంప మీద చెయ్యి అలాగే ఉంచి అంది.

"ఇంక ఆర్పమను. వచ్చేస్తివి గదా."

అవ్వ నా వంక చూసింది. వీధిలోకి ఉరికాను. చిన్నాయన నా మాట విని, మీటను చూసి, తల అడ్డంగా ఊపాడు. నేనే సీటు ఎక్కి, ఆ ఇత్తడి మీటను బొటనవేలితో నొక్కాను. కారు ఒకసారి వణికి ఊరుకుంది. పళని దగ్గర విన్న నిశ్శబ్దమే అది, కొలిస్తే అంతే ఉంటుంది. కానీ దానికీ దీనికీ పోలిక లేదు. లోపల నుంచి ఇద్దరు ముసలివాళ్ళు నవ్వుతున్న చప్పుడు వినిపించింది.

అక్క ఆ వేళ చెల్లెలి చేత్తో నాలుగు ముద్దలు తిన్నది. చివరిదాకా అవ్వ అక్కడే ఉండి, అంతా అయ్యాకే తిరిగి వచ్చింది. ఆ తర్వాతే ఏసుదాసు మేస్త్రి వచ్చి మ్యాగ్నెటో పీకి, కాయిలూ బ్యాటరీ అమర్చాడు. అవ్వ అడ్డం చెప్పలేదు. పాత డబ్బాను మాత్రం ఇనుముకు వేయనివ్వక, పొయ్యి పక్కన గూట్లో పెట్టించింది.

కార్తి ప్లగ్గు పట్టుకుని నిలబడే ఉన్నాడు. "ఏం అవ్వా, ఏం చేద్దుము?"

"మార్చు. మూడూ మార్చు. పాతవి సంచిలో వేసి నాకియ్యి."

సాయంత్రానికి పని అయింది. తాళం తిప్పగానే కారు అందుకుంది. నాకు వినిపించాలని అతను దాన్ని అలాగే నడవనిచ్చాడు. నేను ఆర్పమన్నాను. ఆర్పాడు. మళ్ళీ వెలిగించమన్నాను. రెండు వేళ్ళతో, ఫోను చూసుకుంటూనే, వెలిగించాడు. ఇంజను కాగి ఉంది, బయట ఎండ ఇంకా ఉంది, అయినా మొదటి తిప్పుకే పలికింది. ఆర్పడానికి భయపడనక్కరలేని నిప్పు! మా అవ్వ బతికినన్నాళ్ళూ బూడిద కింద దాచుకున్నది, ఒళ్ళో చట్టి పెట్టుకుని అన్ని ఊళ్ళు మోసింది, అది లేకనే. ఆమె కాలానికీ నా కాలానికీ తేడా ఎంత అని ఎవరైనా అడిగితే నేను చెప్పగల లెక్క అది.

"ఇంకోసారి ఆర్పేదా?" అన్నాడు కార్తి, విసుగు దాచుకుంటూ.

"వద్దు," అన్నాను, వెనక సీట్లోకి ఎక్కుతూ. "ఇంటిదాకా పోనీ."